దారి తెరిచి ఉన్నప్పుడే

మా స్నేహితురాళ్ళం ముగ్గురం ఒక బండి మాట్లాడుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటూ మనాలి దాకా వెళ్ళొద్దామని అనుకుని పన్నెండేళ్ళయింది. మొదటి ఏడాది మా పెద్దాడి ఇంటర్ అడ్డం వచ్చింది. తర్వాత అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత ఒకామె కూతురి పెళ్ళి, ఇంకొకామెకి అమెరికాలో మనవడు పుట్టడం. నిజం చెప్పాలంటే ఎవరింట్లోనూ ఎవరూ వద్దనలేదు. "ఇప్పుడు కాదులే" అన్నారు, అంతే. మేమూ ఊఁ అన్నాం.

ఈమధ్య 1958 నాటి ఒక ప్రయాణం గురించి చదివాక, ఆ "ఇప్పుడు కాదులే" అన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆన్ డేవీస్, ఈవ్ సిమ్స్, ఆంటోనియా డీకాక్. ముగ్గురూ ఇంగ్లండులో ఇల్లాళ్ళు, స్నేహితురాళ్ళు. ఆంటోనియా భర్త వార్విక్ డీకాక్ కొండలెక్కే మనిషి. ఆ ఏడాదే కారకోరంలోని రాకాపోషి శిఖరానికి వెళ్ళిన బృందంలో ఆయన ఉన్నాడు. భర్త కొండకెళ్తే భార్య ఇంట్లో ఉత్తరం కోసం ఎదురుచూడటం రివాజు. ఈ ముగ్గురూ అలా కూర్చోలేదు. ఒక ల్యాండ్ రోవర్‌లో సామానంతా సర్దుకుని, మగతోడు లేకుండా, తామే నడుపుకుంటూ మన దేశానికి బయల్దేరారు. రానూపోనూ 16,000 మైళ్ళు, అంటే ఇంచుమించు 25,700 కిలోమీటర్లు.

వాళ్ళు చేరాలనుకున్నది లడఖ్‌లోని జన్‌స్కర్ లోయలో ఉన్న పదుమ్ అనే ఊరు. అక్కడికి అప్పట్లో బండి దారి లేదు. పైగా సరిహద్దు ప్రాంతం కాబట్టి ప్రభుత్వం గీసిన 'ఇన్నర్ లైన్' దాటడానికి విదేశీయులకి ప్రత్యేక అనుమతి ఉండాలి. ప్రధాని నెహ్రూ దగ్గర నుంచే ఆ అనుమతి సంపాదించారు. మనాలి వరకూ బండిలో వెళ్ళి, అక్కడ నుంచి కనుమలు దాటుకుంటూ 300 మైళ్ళ దాకా నడిచారు. పదుమ్ చేరారు. అంతకుముందు ఎవరూ ఎక్కని, దాదాపు 18,000 అడుగుల శిఖరం ఒకటి ఎక్కి, దానికి 'బీవీ గిరి' అని పేరు పెట్టారు. బీవీ అంటే భార్య అని మన హైదరాబాదు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా! పెళ్ళాల కొండ. ఆ పేరు చదివి వంటింట్లో ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

అప్పటి దారి ఎలాంటిదో కూడా కాస్త చెప్పాలి. ఐరోపా దాటి ఇస్తాంబుల్ వస్తే, అక్కడ బాస్ఫరస్ జలసంధి మీద వంతెన లేదు. అది 1973లో వచ్చింది. అంతవరకూ బండిని పడవెక్కించి ఆసియా ఒడ్డున దింపుకోవాల్సిందే. అక్కడ నుంచి టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశంలోకి రావాలి. అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే దారిలో హెరాత్ నుంచి కాందహార్ దాకా రష్యా వాళ్ళు, కాందహార్ నుంచి కాబూల్ దాకా అమెరికా వాళ్ళు మంచి రోడ్లు వేసింది 1960ల్లోనే.

ఆ దారిన బస్సు కూడా నడిచిందంటే నమ్ముతారా? 1957 ఏప్రిల్ 15న గారో-ఫిషర్ అనే ఆయన ఇరవై మందిని ఎక్కించుకుని లండన్‌లో బయల్దేరి, జూన్ 5న కలకత్తా చేరాడు. టికెట్టు 85 పౌండ్లు. ఆ తర్వాత నాకు బాగా నచ్చింది 'ఆల్బర్ట్' అనే పాత డబుల్ డెక్కర్. ఆండీ స్టువర్ట్ అనే ఆయన దాన్ని కొని ఇల్లులా మార్చాడు. పై అంతస్తులో పడకలు, కింద వంటగది, కూర్చుని తినడానికి బల్లలు. 1968 అక్టోబర్ 8న మరో పదమూడు మందితో సిడ్నీలో బయల్దేరి, మన దేశం మీదుగా 132 రోజులకి, అంటే 1969 ఫిబ్రవరి 17న లండన్ చేరాడు. ఆ బండి తర్వాత కూడా లండన్, కలకత్తా మధ్య చాలాసార్లు తిరిగింది.

ఇక అసలు సంగతి. ఆ దారి ఇప్పుడు లేదు. రోడ్లున్నాయి, బళ్ళు అప్పటికంటే వెయ్యి రెట్లు బాగున్నాయి. కానీ 1979 మొదట్లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది. ఆ డిసెంబర్‌లో రష్యా సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. మరుసటేడు ఇరాన్, ఇరాక్ యుద్ధం. అంతటితో ఆ బస్సులూ ఆగిపోయాయి, ఆ రోజులూ అయిపోయాయి.

జన్‌స్కర్ సంగతీ అంతే. ఆ ముగ్గురు "పోనీ ఓ నాలుగేళ్ళు ఆగుదాం, ఇల్లు కాస్త కుదురుకోనీ" అనుకుని ఉంటే? 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. లడఖ్‌లోకి విదేశీ యాత్రికుల్ని మళ్ళీ రానిచ్చింది 1974లో. బీవీ గిరికి ఆ పేరు ఉండేది కాదు.

వాళ్ళని ఆకాశానికెత్తేయాలని నా ఉద్దేశం కాదండీ. వాళ్ళ చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది. ప్రధానమంత్రి దాకా వెళ్ళగలిగిన చొరవ ఉంది. కొండల మోజు ఎలాంటిదో ఎరిగిన ఇల్లు ఉంది. వాళ్ళు గొప్పగా దాటిన ఆ కనుమల్ని అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా వీపున బరువు మోస్తూ దాటారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. దారి అందరికీ ఒకేలా తెరుచుకోదు. అందుకే తెరుచుకున్నవాళ్ళు వాయిదా వేస్తే మరీ బాధ.

ఇదంతా ఒక మధ్యాహ్నం అత్తయ్యగారికి చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పాను. బీవీ గిరి దగ్గర ఆవిడా నవ్వారు. కాసేపు ఊరుకుని, "నేను కాశీ వెళ్దామనుకున్నానే" అన్నారు. ఈ ముప్ఫై ఏళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. "పిల్లలు ఎదగనీ అన్నారు మీ మామయ్యగారు. తర్వాత రిటైరయ్యాక అన్నారు. రిటైరయ్యేసరికి ఆయనకి ఓపిక లేదు. ఆ తర్వాత ఆయనే లేరు. ఇప్పుడేమో నాకు మోకాళ్ళు లేవు." ఏడుపేమీ లేదు ఆ గొంతులో. చిక్కుడు ఈనె తీసి పక్కన పడేసినట్టు చెప్పారు. నాకేం మాట్లాడాలో తెలియలేదు.

గిన్నె నా వైపు జరిపి, "నన్ను చూసుకోడానికి మీ ఆయన లేడా? వెళ్ళు" అన్నారు.

ఆ రాత్రి ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకామె డాలస్ నుంచి నవంబర్లో వస్తోంది. ఇంకొకామెకి మోకాలు మార్పించి ఎనిమిది నెలలైంది, మనాలి చలికి భయపడుతోంది. "అయితే హంపి, బాదామి పోదామే, ఐదు రోజులు" అన్నాను. పొయ్యి, నాలుగు పడకలు ఉన్న బండి, డ్రైవరుతో సహా అద్దెకిస్తున్నారు. డిసెంబర్ రెండో వారానికి అడ్వాన్సు కట్టేశాను. పన్నెండేళ్ళ క్రితం అనుకున్న ప్రయాణం ఇది కాదు, దానిలో పావు వంతు కూడా కాదు. ఆ దారి మా ముగ్గురికీ మూసుకుపోయిందేమో కూడా. ఉన్న దారిలో పోదామని నిర్ణయించుకున్నాం.

ఇంట్లో అందరికీ భోజనాల దగ్గర చెప్పాను. వెళ్ళొచ్చా అని అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. మా ఆయన, "మరి కుక్కర్ ఎన్ని కూతలకి దించాలో రాసిపెట్టి వెళ్ళు" అన్నారు. ఆ కాయితం ఇవాళే ఫ్రిజ్ మీద అంటించాను.