గజమార్గరక్షణ: పాలకాప్యుని నుండి నేటి వరకు

గజశాస్త్రపు ఆవిర్భావకథ ఒక పంటపొలంలో ఆరంభమవుతుంది. అంగదేశాధిపతియైన రోమపాదుని రాజ్యంలో వన్యగజాలు పైరులను ధ్వంసం చేయగా, రాజు వాటిని బంధించి చంపానగరికి తెప్పించినాడు. గజయూథంతోనే అరణ్యంలో జీవించిన పాలకాప్య మహర్షి వాటిని వెదకుచు వచ్చి, వాటి గాయాలకు చికిత్స చేసినాడు. రాజు ప్రార్థింపగా ఆయన ఉపదేశించినదే హస్త్యాయుర్వేదమని సంప్రదాయం. కర్షకునికీ గజానికీ నడుమ సంఘర్షణ అంత ప్రాచీనమైనది.

కౌటిల్యుని అర్థశాస్త్రం రాజ్యపు సరిహద్దులలో హస్తివనాలను నెలకొల్పవలెనని, ఏనుగును చంపినవానికి మరణదండన విధింపవలెనని శాసించింది. ఏనుగులు శయనించిన తావులు, అడుగుజాడలు, లద్దెలు, కూల్చిన ఏటిగట్లు చూచి వనపాలకులు వాటి ఉనికిని గుర్తించి లిఖింపవలెనని కూడా విధించింది. అయితే ఈ రక్షణకు మూలం కరుణ కాదు; రాజుల విజయానికి గజబలమే ప్రధానమన్న నిశ్చయం. అశోకుని ఐదవ స్తంభశాసనమో, అహింసాదృష్టితో నియతదినాలలో నాగవనాలందు జీవవధను నిషేధించింది.

ఈ విధులు వనాన్ని రక్షించినవి. వనం నుండి వనానికి సాగే దారి ఛిన్నాభిన్నమగుట ఆధునికకాలపు విపత్తు. రహదారులు, రైలుమార్గాలు, తోటలు, కంచెలు అడవిని ఖండించగా, ఆహారజలాలకై తిరుగాడే యూథం పొలాలలోనికి మళ్ళింది. నీలగిరుల చెంత సిగూరు పీఠభూమి తూర్పు, పశ్చిమ కనుమలను కలిపే గజసేతువు. అచ్చట విశ్రాంతిగృహాలు వెలయగా, తమిళనాడు ప్రభుత్వం 2010లో దానిని ఏనుగుల కారిడార్‌గా ప్రకటించింది. సుదీర్ఘ వివాదానంతరం 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు ఆ ప్రకటనను సమర్థించింది. 2023 నాటి కేంద్రప్రభుత్వ నివేదిక దేశంలో 150 కారిడార్లను గుర్తించింది.

తెలుగునేలకూ ఈ చరిత్రలో భాగం కలదు. సుమారు రెండు శతాబ్దాల విరామానంతరం, 1980వ దశకంలో తమిళనాడు అడవుల నుండి ఏనుగులు చిత్తూరు జిల్లాకు తరలివచ్చినవి. వాటికై 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అయినను అవి అభయారణ్యపు హద్దులలో నిలువలేదు. నాటినుండి పలమనేరు, కుప్పం ప్రాంతాలలో పంటలు నశించినవి. రైతులూ మరణించినారు, ఏనుగులూ మరణించినవి.

కనుక దారిని కాపాడుట గజంపై దయ మాత్రమే కాదు, కర్షకునికీ రక్షణయే. నష్టపోయిన రైతుకు సకాలంలో పరిహారం అందనిదే ఆ ధర్మం పూర్ణం కాదు. బంధింపబడిన గజాల గాయాలను మాన్పుట పాలకాప్యుడు నేర్పినాడు. గాయమే కలుగకుండ దారి విడుచుట ఈ తరానికి మిగిలిన కర్తవ్యం.