మిరపకాయ రాకముందు వడపప్పు

తిరుమల శాసనాల సంపుటాలు తెరిచింది రాజుల కోసం. చిక్కుకుపోయింది మాత్రం సరుకుల పట్టీలో. బియ్యం, నెయ్యి, పెసలు, ఉప్పు, మిరియాలు, కూరగాయలు, పెరుగు. నైవేద్యానికి ఏది ఎంత పెట్టాలో పదిహేనో శతాబ్దపు దాతలు కొలతలతో సహా రాతి మీద చెక్కించారు. అందులో మిరపకాయ లేదు. ఎలా ఉంటుంది? వాస్కో డ గామా కాలికట్ చేరిందే 1498లో. అమెరికా ఖండపు మిరప పోర్చుగీసు ఓడలెక్కి ఇటు వచ్చింది ఆ తర్వాతే. 1503లో కన్నుమూసిన తాళ్లపాక అన్నమయ్యకు కారమంటే మిరియమే!

ఆ పట్టీ చూసినప్పట్నుంచి శ్రీరామనవమి వడపప్పును నేను చూసే చూపు మారిపోయింది. నానిన పెసరపప్పు, దోసకాయ తరుగు, మామిడికాయ ముక్కలు, పచ్చికొబ్బరి. పొయ్యి మీద పెట్టే పనే లేదు. కుప్పం, పలమనేరు వైపు దీన్నే కోసంబరి అంటారు. ఇప్పుడు డైటీషియన్లు సలాడ్ అని రాసిస్తున్నది ఇంతకంటే ఏముంది? దోస మన దేశపుదే. పెసలైతే బళ్లారి పక్కన సంగనకల్లులో, సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి ఊరి బూడిదలో మాడిన గింజలుగా దొరికాయి. ఆ పెసలే వేల ఏళ్ల తర్వాత తిరుమల దాతల పట్టీలోకి ఎక్కాయి.

ఆ దాతల లెక్క ముచ్చటైనది. ఇచ్చిన సొమ్ముతో దేవస్థానం తన ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో నైవేద్యం నడిచేది. ప్రసాదంలో నాలుగో వంతు దాతది. ఆ వంతును కూడా కొందరు రామానుజకూటానికి రాసిచ్చేవారు. అప్పటి పాలకుడు సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజ అయ్యంగారు చూసుకున్న ఆ సత్రంలో యాత్రికులకు అన్నం పెట్టేవారు. గుప్పెడు పెసల వెనక ఒక చెరువు ఉండేదన్నమాట.

తర్వాత పచ్చిమిరపకాయ వచ్చి మిరియాన్ని గెంటేసింది. నాకిది పెద్ద నష్టం. మిరపకాయ నాలుకను కాల్చి ఊరుకుంటుంది. మిరియం ఘాటుతో పాటు వాసనా ఇస్తుంది, దోసకాయ చలవను చెడగొట్టదు. మదనపల్లె మార్కెట్‌ను ముంచెత్తే టమాటా కూడా అమెరికా చుట్టమే. పచ్చిగా తరిగి కలిపితే నీరు కారి పప్పంతా చిత్తడి. అది రసంలోకే మేలు.

ఇంట్లో చేసుకోవాలంటే పప్పును గంటసేపు నానబెట్టి వడకట్టండి. గూడూరు నిమ్మకాయ రసంలో దంచిన మిరియాలు, కొబ్బరికోరు కలిపి, నానిన పప్పుకూ దోసకాయ తరుగుకూ పట్టించండి. ఎండాకాలమైతే నిమ్మకు బదులు పచ్చి బెంగుళూరా మామిడి తురుము. ఉప్పు తినేముందే వేయాలి, లేకపోతే దోసకాయ నీరు వదిలేస్తుంది. క్యారెట్ వేస్తే ఆవాల తిరగవాత తప్పనిసరి, అందులోని సత్తువ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. పైన వేయించిన చెనిక్కాయల పొడి. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, కానీ చిత్తూరు జిల్లావాణ్ణి, దాన్ని మాత్రం వెళ్లగొట్టలేను.