పియానో కాళ్ళకు తొడుగులు

ఛాందసుడు కనిపిస్తే మా బరంపురంలో చదువుకున్నవాళ్ళం "వట్టి విక్టోరియన్" అని తీసిపారేస్తాం. పియానో కాళ్ళు కూడా కనబడకూడదని గుడ్డ తొడిగిన జనం వాళ్ళని ఎక్కడో విని, పదిమందికి చెప్పి నవ్వించినవాణ్ణి నేను. తీరా చూస్తే ఆ కథ ఇంగ్లండుదే కాదు! కెప్టెన్ మారియట్ అనే ఆంగ్ల నవలాకారుడు 1839లో అచ్చయిన తన అమెరికా యాత్రాగ్రంథంలో, అక్కడి బాలికల పాఠశాలలో అలాంటి పియానో చూశానని వేళాకోళంగా రాశాడు. అమెరికావాళ్ళ గురించి ఇంగ్లీషువాళ్ళు నవ్వుకున్న కథ చివరికి వాళ్ళ మెడకే చుట్టుకుంది.

మనకు తెలిసిన విక్టోరియన్ బొమ్మ గీసింది చాలావరకు వాళ్ళ తర్వాతి తరమే. 1918లో లిటన్ స్ట్రాచీ 'ఎమినెంట్ విక్టోరియన్స్'లో ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో సహా నలుగురు పెద్దలను వెటకారంతో దులిపేశాడు. ప్రపంచయుద్ధం నాలుగో ఏడు అది. తండ్రుల మీద ఆ తరానికి కోపం ఉండడంలో వింత లేదు. ఆ కోపంలో గీసిన బొమ్మను మనం ఫొటో అనుకున్నాం.

జార్జ్ ఎలియట్ సంగతి చూడండి. అసలు పేరు మేరీ యాన్ ఎవాన్స్. అప్పటికే పెళ్ళయిన లూయిస్‌తో 1854 నుంచి, 1878లో ఆయన పోయేదాకా కాపురం చేసింది. సొంత అన్న మాటలు మానేశాడు. కాని ఆమె నవలలను అదే లోకం ఎగబడి చదివింది. 'ఆడమ్ బీడ్' విక్టోరియా రాణికి కూడా ఇష్టమే.

అలాగని వాళ్ళను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. హైస్కూల్లో నాన్‌డిటైల్డ్‌గా 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' చదివి ఏడ్చాను. పన్నెండేళ్ళకే బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు కాగితాలంటించిన డికెన్స్ రాసిన పుస్తకం అది. ఆ డికెన్సే 1857 అక్టోబరులో, మన తిరుగుబాటు వార్తలు విని, ఈ జాతినే తుడిచిపెట్టాలని ఉందని ఒక ఉత్తరంలో రాశాడు. అది చదివాక చాలాకాలం ఆయన పుస్తకం ముట్టుకోబుద్ధి కాలేదు. 1865లో జమైకా గవర్నర్ ఐర్ నాలుగు వందలమందికి పైగా నల్లవాళ్ళను చంపిస్తే, ఆయన్ను సమర్థించినవాళ్ళలో కార్లైల్, టెన్నిసన్, డికెన్స్ ఉన్నారు. శిక్షించాలన్నవాళ్ళలో మిల్, డార్విన్ ఉన్నారు. అందరూ విక్టోరియన్లే సుమా!

మొన్న మళ్ళీ కాపర్‌ఫీల్డ్ తీశాను. కుర్రాడు సీసాలు కడిగే చోట కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్తరమూ గుర్తొచ్చింది. పుస్తకం మాత్రం మూయలేదు.