నూరేళ్లకు చేరువైన పిల్లల ఊరు

ఇజ్రాయెల్‌లో లోద్ పట్టణానికి దగ్గరున్న బెన్ షెమెన్ యువగ్రామానికి 2027లో నూరేళ్లు నిండుతాయి. దాన్ని స్థాపించిన జీగ్‌ఫ్రీడ్ లేమన్ జర్మనీకి చెందిన వైద్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లిథువేనియాలోని కౌనాస్‌లో దిక్కులేని యూదు పిల్లలకు ఆశ్రయమిచ్చి, అక్కడి పిల్లల్లో కొందరితో 1927లో ఇక్కడికి వచ్చారు.

ఊరు అన్నది పేరుకు కాదు. పొలం, పశువుల పాక, బడి, పాటకచేరీ అన్నీ పిల్లలవే. చదువుతోపాటు వ్యవసాయమూ చేసేవారు, ఊరి వ్యవహారాలు తామే మాట్లాడుకునేవారు. అనాథాశ్రమంలో పిల్లవాడు పెట్టింది తింటాడు. ఇక్కడ వాడు పాలు పితికితేనే ఊరికి పాలు. తన అవసరం నలుగురికీ ఉందని తెలిసిన పిల్లవాడు తలెత్తుకు తిరుగుతాడు. లేమన్ చేసిన అసలు పని ఇదేనని నా నమ్మకం.

1932లో బెర్లిన్‌లో, యూదులన్న కారణంగా పని దొరకని కుర్రవాళ్లు కొందరు రేహా ఫ్రయర్ అనే మహిళ ఇంటి తలుపు తట్టారు. వాళ్లను పాలస్తీనా పంపాలని ఆమె పట్టుబట్టారు. ఆ అక్టోబరులో తొలి జట్టు బయల్దేరి బెన్ షెమెన్‌కే చేరింది. 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్ అయిన రోజే, ఆమె సంస్థ ‘యూత్ అలియా’ లాంఛనంగా ఏర్పడింది. మొదట సందేహించిన యూదు నాయకురాలు హెన్రియెటా సోల్డ్ డెబ్బై దాటిన వయసులో జెరూసలేం నుంచి ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. అలా బిడ్డను సాగనంపిన తల్లిదండ్రుల్లో చాలామంది మళ్లీ ఆ బిడ్డను చూడలేదు.

1948 యుద్ధంలో బెన్ షెమెన్ ముట్టడిలో చిక్కింది, పిల్లలను తరలించాల్సి వచ్చింది. పొరుగు అరబ్బులతో కలిసి బతకాలని కోరుకున్నవాడు లేమన్. ఆ జులైలోనే లోద్ అరబ్బులను ఇజ్రాయెల్ సైన్యం వాళ్ల పట్టణం నుంచి వెళ్లగొట్టింది. ఈ ఊరి చరిత్ర రాసేవారు ఆ పుట దాటవేయకూడదు.

దాటవేయకూడని పుట ఇంకొకటుంది. దేశం ఏర్పడ్డాక మొరాకో, యెమెన్, ఇరాక్ నుంచి వచ్చిన పిల్లలకు ఇలాంటి యువగ్రామాలు తిండీ చదువూ ఇచ్చాయి గానీ, వాళ్ల అమ్మానాన్నల భాషను, ఆచారాలను చాలాచోట్ల వెనకబాటుగా చూశాయి. 1984, 1991 విమాన తరలింపుల్లో ఇథియోపియా నుంచి వచ్చిన పిల్లల్లోనూ ఎంతోమంది ఇలాంటి వసతి బడుల్లోనే చేరారు. ఆనాటికి కొందరు పెద్దలు పాఠం నేర్చుకున్నారు. కార్మెల్ కొండ మీద 1953లో మొదలైన యెమిన్ ఓర్డ్ యువగ్రామాన్ని నడిపిన హయిమ్ పెరి, పిల్లవాడి గతాన్ని గౌరవించకుండా వాడికి భవిష్యత్తు చూపలేమన్నది పద్ధతిగా పెట్టుకున్నారు. చదువు ముగించి వెళ్లినవారికి కూడా ఆ ఊరి తలుపు తెరిచే ఉంటుంది.

ఆ పద్ధతి చూసే, జాతి హత్యాకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న రువాండా పిల్లల కోసం ఆన్ హేమన్ 2008లో అగహోజో-షాలోమ్ గ్రామాన్ని ప్రారంభించారు.

వలస కూలీల పిల్లలకూ, అండలేని పిల్లలకూ మన దగ్గర వసతి గృహాలు నడుపుతున్నవారికి నా విన్నపం ఒకటి. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను వాడి నోటి నుంచి తీసేయకండి. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజుతో మీకూ వాడికీ రుణం తీరిందనుకోకండి.