విమానం వద్దంటే గాలం పట్టుకుంది

1971 ఫిబ్రవరి 4న బ్రిటన్‌లో రోల్స్‌రాయిస్ కంపెనీ దివాలా తీసింది. ఆర్‌బీ 211 అనే జెట్ ఇంజిన్ కోసం పెట్టిన ఖర్చు చేయి దాటిపోవడమే కారణం. అందులో ఓ నల్లటి పోగుకూ వాటా ఉంది. ఇంజిన్ ముందుభాగంలో తిరిగే ఫ్యాన్ రెక్కలను కార్బన్ ఫైబర్‌తో చేస్తే బోలెడంత బరువు తగ్గుతుందని ఇంజినీర్లు లెక్క కట్టారు. లెక్క తప్పు కాదు. కానీ ఆకాశంలో పక్షులుంటాయి. తిరుగుతున్న రెక్కల మీదికి చచ్చిన పక్షిని వేగంగా కొట్టి చూసే పరీక్షలో ఆ రెక్కలు నిలవలేదు. కంపెనీ మళ్లీ టైటానియం దగ్గరికే వెళ్లింది. విమానం కోసమని పెంచిన పదార్థాన్ని విమానమే వద్దంది.

అప్పటికి ఆ పోగు వయసు పదమూడేళ్లు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ దగ్గర, యూనియన్ కార్బైడ్ వారి ప్రయోగశాలలో రోజర్ బేకన్ అనే భౌతిక శాస్త్రవేత్త గ్రాఫైట్‌ను విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో కరిగించి చూస్తున్నాడు. పోగులు తియ్యాలన్న ఆలోచనే ఆయనకు లేదు. పేరుకున్న మసి ముద్దను పగలగొడితే లోపల వెంట్రుకలో పదో వంతు మందం ఉన్న తీగలు కనిపించాయి. వంచితే వంగాయి, విరగలేదు. బలంలో ఉక్కును మించాయి. ఖరీదు మాత్రం, బేకన్ వేసిన అంచనా ప్రకారం, పౌనుకు కోటి డాలర్లు!

ధర దిగివచ్చింది జపాన్‌లో. ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో అకియో షిండో అనే ఆయన, స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ నూలు జాతికే చెందిన పోగును తీసుకుని, ముందు గాలిలో రెండు మూడు వందల డిగ్రీల దగ్గర వేయించాడు. తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాడు. మన పల్లెల్లో బొగ్గుల బట్టీ పేర్చేవాళ్లు కట్టెల మీద మట్టి కప్పేది కూడా ఇందుకే. గాలి తగిలితే బూడిద, తగలకపోతే బొగ్గు. పోగులోని మిగతావన్నీ ఆవిరైపోయి కార్బన్ మిగులుతుంది. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధనశాల వాళ్లు, వేయించేటప్పుడు పోగును బిగువుగా లాగి పట్టుకుంటే బలం ఇంకా పెరుగుతుందని 1960ల్లో కనిపెట్టారు. ఈ పోగుల్ని జిగురులాంటి ఎపాక్సీలో తడిపి, అచ్చులో పెట్టి గట్టిపరిస్తే ఉక్కు బరువులో నాలుగో వంతు కూడా లేని వస్తువు తయారవుతుంది. ఇలాంటి కలగలుపు పదార్థాన్నే కాంపోజిట్ అంటారు. ఒక చిక్కుంది. పోగు సాగిన దిక్కులోనే దాని బలమంతా. అడ్డంగా దెబ్బ తగిలితే చీలిపోతుంది. రోల్స్‌రాయిస్ రెక్కల్ని దెబ్బతీసిందీ ఆ గుణమే.

సరిగ్గా ఆ దివాలా జరిగిన ఏడాదే జపాన్‌లో టోరే అనే బట్టల నూలు కంపెనీ కార్బన్ ఫైబర్‌ను వ్యాపారంగా తయారుచేయడం మొదలుపెట్టింది. కొనేదెవరు? విమానాల వాళ్లు ఇంకా పరీక్షల్లోనే ఉన్నారు. ముందుకొచ్చింది చేపలు పట్టేవాళ్లు!

జపాన్ కొండవాగుల్లో ‘ఆయు’ అనే చేప ఉంది. దాన్ని పట్టడం అక్కడివాళ్లకు పెద్ద సరదా. గాలం కర్ర ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవుంటుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఆ కర్రను గంటల తరబడి చేతుల్తో మోయాలి. అలాంటివాడికి బరువు తగ్గితే అదే వరం. 1972లో కార్బన్ ఫైబర్ గాలం కర్ర బజారులోకి వచ్చింది. అదే ఏడాది అమెరికా గోల్ఫ్ ఆటగాడు గే బ్రూయర్ నల్లటి కార్బన్ కర్రతో జపాన్‌లో టోర్నమెంటు గెలిచాడు. ఆ తర్వాత టెన్నిస్, బ్యాడ్మింటన్ రాకెట్లు, సైకిళ్లు వరుస కట్టాయి.

కొత్త పదార్థానికి ఆటస్థలాన్ని మించిన పరీక్షాకేంద్రం లేదని నా అభిప్రాయం. గాలం కర్ర విరిగితే చేప పోతుంది, ప్రాణం పోదు. పైగా గెలుపు మీద ఆశ ఉన్నవాడు ధర చూసుకోడు. గోల్ఫ్ ఆడే శ్రీమంతుల వేలంవెర్రి మీద నాకు పెద్ద గౌరవమేమీ లేదు గానీ, ఈ పోగును పోషించింది మాత్రం వాళ్ల డబ్బే. ప్రాణాలతో ముడిపడిన చోట కూడా 1981లో దానికి అవకాశం వచ్చింది. ఫార్ములా వన్‌లో మెక్‌లారెన్ జట్టు కారు శరీరాన్ని కార్బన్ ఫైబర్‌తో చేసింది. గట్టి దెబ్బకు పెంకులా పగిలిపోతుందని ఎగతాళి చేసినవాళ్లున్నారు. అదే ఏడాది ఇటలీలోని మోంజాలో ఆ జట్టు డ్రైవరు జాన్ వాట్సన్ కారు ట్రాక్ పక్క కంచెకు గుద్దుకుని ఇంజిన్ ఊడిపోయింది. ఆయన లేచి నడిచి వచ్చాడు.

నడవడమే కష్టమైన మనిషి చేతిలో ఈ పోగు ఇంకో రూపం ఎత్తింది. 1976లో వాన్ ఫిలిప్స్ అనే అమెరికా కుర్రాడికి నీటి స్కీయింగ్ ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద తెగిపోయింది. అప్పుడు వయసు 21. ఆస్పత్రి ఇచ్చిన కృత్రిమ పాదం నిలబడటానికి పనికొచ్చింది, పరుగుకు కాదు. అప్పటివరకూ ఆ పాదాలు చేసినవాళ్లు పోయిన పాదం ఆకారాన్ని తిరిగి ఇవ్వాలని చూశారు. పోయిన పని తిరిగి రావాలని ఫిలిప్స్ అనుకున్నాడు. యూటా విశ్వవిద్యాలయంలో విమాన పదార్థాలు తెలిసిన ఇంజినీరు తోడయ్యాడు. చీతా వెనక కాలు, ఇంట్లో నాన్న దగ్గరున్న వంపు తిరిగిన చైనా కత్తి ఆకారం చూపించాయి. మనిషి బరువు పడ్డప్పుడు వంగి, తిరిగి ఎగదోసే కార్బన్ పట్టీ అలా పుట్టింది. నమూనాలు ఆయన కింద విరిగాయి, మళ్లీ చేశాడు. 1984లో కంపెనీ పెట్టాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆస్కార్ పిస్టోరియస్ 400 మీటర్ల సెమీఫైనల్ దాకా పరుగెత్తింది ఈ జాతి బ్లేడ్ల మీదే.

హైదరాబాద్‌కూ ఇలాంటి కథే ఒకటుంది. అగ్ని క్షిపణి కోసం డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో తేలికపాటి కాంపోజిట్ పదార్థాలు తయారవుతున్న రోజులవి. నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, దాని తేలికకు ఆశ్చర్యపోయి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ చిన్నపిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలు దాటే లోహపు కాలిపర్లు (కాలికి ఊతమిచ్చే పట్టీలు) కట్టుకుని కాళ్లీడుస్తూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తనకు అమితానందాన్నిచ్చిన పనుల్లో ఇదొకటని కలాం తన ప్రసంగాల్లో చెప్పేవారు.

ఇక విమానం సంగతి. 2011 అక్టోబరులో బోయింగ్ 787 తొలిసారి ప్రయాణికులతో ఎగిరింది. దాని బరువులో దాదాపు సగం కాంపోజిట్లే. అందులో వాడే కార్బన్ ఫైబర్ ఇచ్చేది ఆ టోరే కంపెనీయే.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ డీఆర్‌డీవో ప్రయోగశాలల్లాంటివి చాలానే ఉన్నాయి. రహస్యాలు రహస్యాలుగానే ఉండనివ్వండి. కానీ ఏడాదికి ఒకసారైనా, బయట పెట్టగలిగిన పదార్థాలను ఒక బల్ల మీద పరిచి, డాక్టర్లను, ఆటల కోచ్‌లను, వికలాంగులను పిలిచి చేత్తో ఎత్తి చూడనివ్వండి. దేనికి పనికొస్తుందో వాళ్లే చెబుతారు.