కట్ట కింద మూడు కాలాలు

హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ఎక్కినవాళ్లను అశోక్ నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్ల మీదుగా తీసుకెళ్లి వీఎస్టీ దగ్గర దించే ఉక్కు వంతెన 2023 ఆగస్టులో ప్రారంభమైంది. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. దాని కింద ఉన్న నేల ఒకప్పుడు చెరువు నీటి మీద బతికింది, తర్వాత మిల్లుల మీద బతికింది, ఇప్పుడు పోటీ పరీక్షల మీద బతుకుతోంది. మనిషి బతుకును సేద్యం ఎలా మార్చిందో, యంత్రం ఎలా మార్చిందో తెలుసుకోవడానికి మాంచెస్టర్ దాకా పోనక్కర్లేదు. ఈ వంతెన పక్కనున్న చిక్కడపల్లి చాలు.

హుస్సేన్ సాగర్‌ను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించాడు. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. నగరం కన్నా చెరువే వయసులో పెద్దదన్నమాట. బల్కాపూర్ కాలువ నీళ్లు తెచ్చేది, కట్ట కింద పంట పండేది. మత్తడి దుంకిన నీళ్లు ఇప్పటి అశోక్ నగర్ పక్కగా పారి, గోల్నాక దాటి మూసీలో కలిసేవి. ఇవాళ మనం ముక్కు మూసుకుని దాటుతున్న నాలా దారి అదే.

చెరువు కట్టారంటే తిండికి పోగా గింజలు మిగలాలనే. ఆ మిగులు మీదే సిపాయి, లెక్కలు రాసేవాడు, రాళ్లు చెక్కేవాడు, కవిత్వం చెప్పేవాడు బతికారు. ఈ కథకు మొదలు ఇంకా వెనక ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించిన బూడిద దిబ్బ, నాలుగు వేల ఏళ్లకు ముందే ఇక్కడి జనం పశువులను మందలు కట్టి సాకారని చూపింది. దక్కన్ నవీన శిలాయుగపు పల్లెల్లో ఉలవలు, పెసలు పండించారు. పంట చేతికొచ్చే దాకా ఒకచోట ఉండక తప్పదు కనుక ఊరు ఏర్పడింది. గాదె నిండాక దాన్ని కాచేవాడు వచ్చాడు, ఆ వెంటనే వాటా అడిగేవాడూ వచ్చాడు. ఆ వాటా పన్నుగా ముదిరి, దేశ్‌ముఖుల గడీల్లో వెట్టిగా మారి, 1946 నాటికి తెలంగాణ పల్లెలను సాయుధ పోరాటంలోకి తోసింది.

యంత్రం మాత్రం రైలు వెంట వచ్చింది. 1874లో రైలు హైదరాబాద్ చేరింది. మూడేళ్లకు, 1877లో, హుస్సేన్ సాగర్ సమీపంలో నూలు మిల్లు వెలిసింది. 1920లో దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు ఇప్పటి లోయర్ ట్యాంక్ బండ్ మీద మొదలైంది. అదే దశకంలో చెరువు ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా నడిచింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టాక హుస్సేన్ సాగర్ నీటిని తాగడం మానేశారు. తాగని నీటి మీద జాగ్రత్త ఎవరికుంటుంది? చెరువు పాడవడానికి అసలు మొదలు అక్కడే అని నా నమ్మకం.

నారాయణగూడ విఠల్‌వాడీలో 1916లో వజీర్ సుల్తాన్ సిగరెట్ల తయారీ మొదలుపెట్టాడు. 1930లో అది కంపెనీగా నమోదైంది, అదే వీఎస్టీ. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టి కర్మాగారాలకు ఊతమిచ్చింది, ఆజమాబాద్ పారిశ్రామిక వాడ లేచింది. వీఎస్టీ చిరునామా ఇప్పటికీ అక్కడే. ఈ పొగాకు కథను ఇంకా వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పొలమూ ఫ్యాక్టరీ ఒకదాన్నొకటి ఎలా లాక్కున్నాయో ఇందులో తేటగా కనిపిస్తుంది. 1920లలో గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు వేళ్లూనింది. దాన్ని తిండిగింజల్లా గాదెలో పోసుకుని తినలేం. బ్యారన్ కట్టాలి, ఆకు కాల్చడానికి పుల్లలు కొనాలి, గ్రేడు చేయించాలి, చివరికి కంపెనీ చెప్పిన ధరకు అమ్మాలి. ఊరి రైతు ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ లెక్కకు లోబడ్డాడు. గ్రేడింగ్ షెడ్లలో వేలాది ఆడవాళ్లు మొదటిసారి కూలి డబ్బు తమ చేత్తో అందుకున్నారు. ఆ పొగ మనుషుల ఊపిరితిత్తులకు చేసిన చెరుపును ఏ కూలీ డబ్బూ పూడ్చదు. అయినా ఆ ఆడవాళ్ల చేతికొచ్చిన డబ్బు చిన్న సంగతి కాదు.

మిల్లు మనిషిని గడియారానికి కట్టేసింది. అక్కడ పొద్దు చూసి పని మొదలుపెట్టడం లేదు, షిఫ్టులే. కానీ అదే మిల్లు, పల్లెలో దొర ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాడికి సంఘం పెట్టుకునే ధైర్యం ఇచ్చింది. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒక చేత్తో గజళ్లు రాస్తూ మరో చేత్తో కార్మిక సంఘాలు కట్టాడు. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా పనిచేసిన టి. అంజయ్య 1980లో ముఖ్యమంత్రి అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ముషీరాబాద్‌లో ఆయన్ను ఓడించింది మరో కార్మిక నాయకుడు, వీఎస్టీ కార్మికుల మధ్య ఎదిగిన నాయిని నర్సింహారెడ్డి. ఆ ఉక్కు వంతెనకు పెట్టింది నాయిని పేరే.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. రాంగోపాల్ మిల్లు 1990లలో మూతపడింది. 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహి మిల్లుకూ అదే గతి పట్టింది. అసలు చిక్కు ఇక్కడుంది. 1851 నాటికే బ్రిటన్‌లో పనిచేసేవారిలో సేద్యం మీద ఉన్నది దాదాపు అయిదో వంతు. పొలం వదిలినవాళ్లను ఫ్యాక్టరీలు తీసుకున్నాయి, నరకం లాంటి బస్తీల్లోనైనా సరే. మన దగ్గర 2011 జనగణన నాటికీ పనివాళ్లలో సగానికి పైగా సేద్యం మీదే ఉన్నారు. తెలంగాణలో సగటు కమతం 2015-16లో ఒక్క హెక్టారు. ఇద్దరు కొడుకులుంటే ఎకరం పావు చొప్పున. పొలం మనిషిని వదిలేసే వేళకు మిల్లు గేటుకు తాళం పడింది.

ఆ ఎకరం పావు పిల్లలే ఇవాళ అశోక్ నగర్ హాస్టళ్లలో ఉన్నారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ పట్టుకునేదీ వాళ్లే. 2024లో తెలంగాణ గ్రూప్-1లో 563 పోస్టులకు నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. వాళ్లకు చదువంటే మోజు ఎక్కువైందని, చేతిపని చిన్నతనమనుకుంటున్నారని తేలిగ్గా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. షిఫ్టు, నెల జీతం, సంఘం ఒకప్పుడు ఇక్కడి మిల్లులో పదో తరగతి తప్పినవాడికి కూడా దొరికాయి. ఇప్పుడు అవన్నీ కలిసి దొరికే చోటు సర్కారు కొలువు ఒక్కటే మిగిలింది. అందుకే వడ్లు అమ్మిన డబ్బు కోచింగ్ ఫీజుగా, హాస్టల్ అద్దెగా, మెస్ బిల్లుగా అశోక్ నగర్ చేరుతోంది. పల్లె మిగులు నేటికీ పట్నాన్నే పోషిస్తోంది, కాకపోతే ఈసారి పన్ను వసూలు చేసేవాడు ఎవరూ రాలేదు. తల్లిదండ్రులే తెచ్చి కడుతున్నారు.