ఇంటి కొట్టములో కారు మరమ్మతు

1920 ప్రాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని సన్నకారు రైతులలో అనేకులు మొదట కొనిన కారు క్రొత్తది కాదు. పట్టణములో ఎవరో కొంతకాలము నడిపి అమ్మివేసిన ఫోర్డు 'మోడల్ టి' బండిని తక్కువ వెలకు కొని తెచ్చుకొనెడివారు. వెల తక్కువే గాని, అట్టి కారు కొట్టము చేరిన నాటినుండి ఏదో ఒక పని పెట్టుచునే యుండెడిది. మరమ్మతుశాల మైళ్ల దూరమున నుండును. అచ్చటి కూలి యిచ్చుటకు చేతిలో రొక్కముండదు. కారు కదలనిచో పాలు, గ్రుడ్లు సంతకు చేరవు. రాత్రివేళ జబ్బుచేసినవారికి వైద్యుడు అందడు. కనుక ఇంటివారే స్పానరు చేతబట్టవలసి వచ్చినది.

యంత్రశాస్త్రము చదువని కుటుంబములు ఇంజనును విప్పి, శుభ్రపరచి, మరల బిగించి నడుపుకొనుట ఎట్లు సాధ్యమైనది? కోతయంత్రములతోను, గాలిమరలతోను వారికి ముందునుండి గల పరిచయము కొంత కారణము. అంతకంటె ముఖ్యమైన కారణము కారు నిర్మాణములోనే కలదు.

మోడల్ టి 1908 అక్టోబరు 1వ తేదీన అమ్మకమునకు వచ్చెను. కుటుంబమంతయు కూర్చుండదగిన బండి వెల అపుడు 850 డాలర్లు. 1913లో డెట్రాయిటు చేరువనున్న హైలాండ్ పార్కు కర్మాగారమున, పనివాడు బండి యొద్దకు పోవుటకు మారుగా బండియే పనివాని యొద్దకు కదలివచ్చు పద్ధతి ప్రారంభమైనది. అంతకుముందు ఒక్కొక్క చాసిస్ కూర్పుకు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, మరుసటి యేటికి అది సుమారు గంటన్నరకు తగ్గెను. 1925లో రెండు సీట్ల బండి వెల 260 డాలర్లు. 1927లో ఉత్పత్తి ఆగునాటికి తయారైన కార్లు కోటిన్నర. ఈ అంకెలు తరచు వినబడునవే. మరమ్మతు చేయువానికి వీనికంటె విలువైనది మరియొకటి: ఏటేట కొన్ని మార్పులు జరిగినను, ఇన్ని కార్లలోను ఇంజను భాగములు చాలవరకు ఒకే కొలతతో నుండుట.

అది ఆనాడు చిన్న సంగతి కాదు. తొలినాటి కార్లను కూర్చు పనివారు ప్రతి భాగమును ఆకురాయితో రాచి, దాని పక్కభాగమునకు సరిపుచ్చెడివారు. అందువలన ఒక కారులోని భాగము అదే కంపెనీవారి మరియొక కారులో పట్టకపోవుట సామాన్యము. కొలతలలో ఏకరూపత తెచ్చిన ఘనతనంతయు ఫోర్డునకే కట్టబెట్టుట న్యాయము కాదు. తుపాకుల తయారీలో ఆ పద్ధతి అంతకు పూర్వమే కలదు. కార్లలో దానికి పేరు తెచ్చినవాడు కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటయందు మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగములను కలగలిపి, కొన్నిటిని తీసివేసి వానికి బదులు నిలువలోని క్రొత్తవానిని చేర్చి, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే యిచ్చి మరల మూడు కార్లు కూర్పించిరి. అవి 500 మైళ్లు పరుగెత్తి నెగ్గినవి. ఫోర్డు ఆ సౌలభ్యమును సామాన్యుని కొట్టమునకు చేర్చెను. తరువాతి కాలమున భాగములను తపాలా ద్వారా పంపు వర్తకులును బయలుదేరిరి. రైతునకు లేతు యంత్రమక్కరలేదు. వచ్చిన భాగము చక్కగా అమరును.

ఇక ఇంజను. దానికి నాలుగు సిలిండర్లు. బలము 20 అశ్వశక్తులు. సిలిండర్లు నాలుగింటిని ఒకే దిమ్మెగా పోతపోసి, మూతను మాత్రము విడదీయుటకు వీలుగా మరలతో బిగించిరి. ఈ ఒక్క ఏర్పాటు లేకున్నచో ఇంటి మరమ్మతు చాలవరకు జరిగియుండెడిది కాదు. మూత తీయగనే పిస్టనులు, కవాటములు కంటికి కనబడును. పెట్రోలు, నూనె మండగా మిగిలిన బొగ్గుమసి అచ్చట పెళుసుగ పేరుకొనును. ఆ మసి ఎఱ్ఱగా కాలినపుడు, నిప్పురవ్వ రాకమునుపే వాయుమిశ్రమము అంటుకొని ఇంజను టకటక కొట్టుకొనును. మొద్దుకత్తితో మసి గీకివేయుట పిల్లలకును అప్పగింపదగిన పని.

కవాటముల పని మాత్రము అంత సులభము కాదు. వ్యర్థవాయువులు పోవు కవాటము నిత్యము మంటలో కాలుచుండును. దాని అంచు గుంటలుపడినచో సంపీడనము జారిపోయి ఇంజను బలహీనపడును. ఏ సిలిండరుదో కనుగొనుటకు పరికరమక్కరలేదు. ముందున్న హాండిలును మెల్లగ రెండు చుట్లు త్రిప్పినచో నాలుగుమార్లు చేతికి ఎదురుబలము తగులవలెను. ఏ మారు తగులదో ఆ సిలిండరే దోషి. పిమ్మట కవాటమునకును దాని పీఠమునకును నడుమ ఎమెరీపొడిని నూనెలో కలిపి పూసి, రెండు అంచులు ఒకే తీరున మెరయువరకు అటునిటు త్రిప్పుచు నూరవలెను.

అచ్చటనే ఒక చిక్కు పొంచియుండును. నూరిన కొలది కవాటము పీఠములోనికి దిగును. దాని కాడ క్రిందనున్న నెట్టుడు కడ్డీకి చేరువగును. ఆ రెంటి నడుమ కొంచెము సందుండుట అవసరము. ఏలన, ఇంజను వేడెక్కినపుడు కాడ వ్యాకోచించును. సందు లేనిచో కవాటము పూర్తిగా మూసికొనక మరల కాలిపోవును. తరువాతి కార్లలో ఆ సందును సవరించుటకు మర యుండెడిది. మోడల్ టి లో అది లేదు. కాడ కొనను ఆకురాయితో రాచి సందు కల్పించుటయే మార్గము. ఎక్కువ రాచినచో కవాటము ఆలస్యముగ తెరచుకొని చప్పుడుచేయును. పాఠశాలలో లోహవ్యాకోచమును గుండు, కడియములతో చూపుదురు. ఆ రైతులు దానిని కాగితపు మందము లెక్కన నేర్చికొనిరి.

పిస్టను కడ్డీల బేరింగులయందు బాబిట్ అను మెత్తని మిశ్రలోహపు పూత కలదు. అది అరిగి వదులైనపుడు ఇంజను క్రింది భాగమున దడదడ మ్రోగును. బేరింగు రెండు బద్దల నడుమ పలుచని రేకు బిళ్లలుండును. ఒకటి రెండు తీసి తిరిగి బిగించినచో వదులు పోవును; మరీ బిగువైనచో లోహము కరగిపోవును. నూనెను చిమ్ము పంపు లేదు. తిరుగుచున్న భాగములు అడుగున నున్న నూనెను చిందించి తమంతట తామే తడుపుకొనును. నీటికిని, మొదట తయారైన కొద్ది వేల బండ్లలో తప్ప, పంపు లేదు. వేడినీరు పైకి, చల్లని నీరు క్రిందికి పోవు సంవహనమే చాలినది.

నిప్పురవ్వ విషయమున మరియొక ఉపాయముండెను. ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క తీగచుట్ట, దానిపై కంపించు రేకు కలవు. ఇంజను నడచుచుండగా ఒక రేకును వ్రేలితో అదిమినచో ఆ సిలిండరునకు రవ్వ అందదు. అదిమినను ఇంజను ధ్వని మారలేదనగా, ఆ సిలిండరు అంతకుముందే పనిచేయుట లేదన్నమాట.

అయితే ఈ సరళత్వమునకు మూల్యము కలదు. పెట్రోలు తొట్టి సీటు క్రింద నుండి, తన బరువుచేతనే ఇంజనునకు జారవలెను. నిట్రమగు ఎత్తున తొట్టిలో పెట్రోలు తక్కువగా నున్నచో అది ముందుకు పారదు. కనుక బండిని వెనుకకు త్రిప్పి వెనుక నడకతో కొండ యెక్కించెడివారు. చలికాలమున గేరుపెట్టెలోని నూనె చిక్కబడి చక్రములను ఇంజనుతో అంటగట్టును. హాండిలు త్రిప్పువానిమీదికే కారు కదలివచ్చును. అందుచే వెనుక చక్రమొకటి జాకీతో పైకెత్తి ఇంజను ప్రారంభించెడివారు. నిప్పురవ్వను ఆలస్యము చేయు మీటను సరిచూడనిచో మరింత ముప్పు. పిస్టను పైకి చేరకమునుపే రవ్వ పుట్టి, పేలుడు దానిని వెనుకకు నెట్టగా, హాండిలు ఎదురు తిరిగి మణికట్టు విరుగును. ఎడమచేత పట్టి, బొటనవ్రేలిని చుట్టక, పైకి లాగవలెనని తెలిసినవారు బోధించెడివారు. 1912లోనే కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చబడినను, ఫోర్డు కార్లకది 1919లో గాని రాలేదు. చవుక బండి కొనినవారు అన్నేండ్లు ఆ ముప్పు భరించిరి. దీనిని ఫోర్డు పొదుపు అని మెచ్చుకొనుట కష్టము.

పైకెత్తిన చక్రమునకు పట్టీ తగిలించి, రంపమును, నీటిపంపును, బట్టలుతుకు యంత్రమును త్రిప్పుకొనిన ఇండ్లును కలవు.

1920 తరువాత వాయిదాలపై అమ్మకము పెరిగి, జనులు క్రొత్తకార్లు కొని పాతవానిని వర్తకులకు మారుచుండిరి. క్రొత్త మోడల్ టి వెలకే స్టార్టరు గల మంచి పాతకారు దొరకసాగెను. తన బండితో తానే పోటీపడవలసి వచ్చిన ఫోర్డు 1927 మే నెలలో దాని ఉత్పత్తిని నిలిపివేసెను. అప్పటికే ఇండ్లలోనున్న బండ్లు మాత్రము నిలువలేదు. 1930 తరువాతి ఆర్థికమాంద్యమున క్రొత్తది కొనలేనివారు వానినే విప్పుచు, బిగించుచు నడిపిరి. వాని కొరకై కంపెనీ మోడల్ టి ఇంజనును 1941 ఆగస్టు వరకు తయారు చేయుచునే యుండెను.